ఎదుటి పార్టీకి వేసేవాళ్ళ ఓటు కూడా మనమే చేర్పించాలా?

ప్రశ్న: అయ్యా, హైదరాబాదులో మల్కాజిగిరి లోక్‌సభ నియోజకవర్గం పరిధిలో ఉన్న ఒక అపార్ట్‌మెంట్ల సముదాయానికి నేను కార్యదర్శిని. మావి మూడు బ్లాకులు, రెండు వందల పైచిలుకు ఫ్లాట్లు. గత లోక్‌సభ ఎన్నికల్లో మావాళ్ళలో చాలామంది ఓటు వేయలేదు. కొందరికి ఇక్కడ ఓటే లేదు, ఉన్నవాళ్ళలో కొందరు సెలవు దొరికిందని ఊళ్ళకు వెళ్ళిపోయారు. ఈసారి ముందుగానే ఓటరు నమోదు శిబిరం పెడదామని కమిటీలో ప్రతిపాదించాను. ఒక సభ్యుడు అడ్డుపడ్డాడు. ‘బీ బ్లాకులో ఎక్కువమంది ఆ పార్టీవాళ్ళే. మన ఖర్చుతో బల్లలు వేసి వాళ్ళ ఓట్లు చేర్పించడం దేనికి? మనవాళ్ళకు విడిగా ఫోన్లు చేసుకుందాం. అక్కడ అద్దెకున్నవాళ్ళ పేర్ల మీద అభ్యంతరాలు పెడదాం’ అన్నాడు. మరొకాయన వాచ్‌మన్లూ, పనివాళ్ళూ డబ్బు తీసుకుని వేస్తారు కాబట్టి వాళ్ళ జోలికి పోవద్దన్నారు. ఆ మాటలు నాకు నచ్చలేదు. కానీ గట్టిగా ఖండించలేకపోయాను, ఎందుకంటే ఆ పార్టీ గెలవకూడదనే నేనూ కోరుకుంటున్నాను. ఇంటికి వస్తే మా అబ్బాయిది ఇంకో వాదన. వాడికి 26 ఏళ్ళు, మంచి ఉద్యోగంలో ఉన్నాడు. ఎవరూ నచ్చనప్పుడు వేయకపోవడమే తన నిరసన అంటాడు, తన ఒక్క ఓటుతో ఏమీ మారదంటాడు. వీళ్ళకు నేను ఏం చెప్పాలి? అసలు నాకు నేను ఏం చెప్పుకోవాలి?
— ఒక కార్యదర్శి, హైదరాబాదు

సమాధానం: మీ కమిటీ సభ్యుడి మాటతో మొదలుపెడతాను. మీ అబ్బాయి వాదన వల్ల పోయేది ఒక్క ఓటే. ఈయన మాట వింటే ఇతరుల ఓట్లు పోతాయి, దానితోపాటు మీ సంఘం పేరూ పోతుంది.

ముందు చట్టం సంగతి చూద్దాం. ఓటరుగా నమోదు కావడానికి సొంత ఇల్లు అక్కరలేదు, ఆ చోట మామూలుగా కాపురం ఉంటే చాలు. అద్దెకున్నారన్న కారణంతో ఒకరి పేరు మీద అభ్యంతరం పెట్టడం చెల్లదు. ఫారం-7 అనేది చనిపోయినవాళ్ళ పేర్లు, ఇల్లు మారి వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు, రెండుసార్లు నమోదైన పేర్లు జాబితాలోంచి తీయించడానికి ఉద్దేశించినది. మనిషి ఎదురుగా కాపురం ఉంటుండగా లేడని రాసి ఇస్తే అది తప్పుడు ప్రకటన అవుతుంది. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 31వ సెక్షన్ కింద దానికి ఏడాది దాకా జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. 2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి దరఖాస్తులు లక్షల్లో వచ్చిపడి, విషయం పోలీసు కేసుల దాకా వెళ్ళింది. అభ్యంతరం మీద పెట్టిన వ్యక్తి పేరు ఉంటుంది, విచారణ జరుగుతుంది. రేపు ఆ కాగితం బయటపడితే దాని మీద కనిపించేది మీ సముదాయంలోని మనిషి పేరే అయినప్పుడు, అదే లిఫ్టులో బీ బ్లాకువాళ్ళ ముఖం చూడవలసి వచ్చేది మీకే. ఈ ఒక్క విషయంలో మెత్తబడవద్దు, కమిటీ మినిట్స్‌లో కూడా ఆ ప్రతిపాదనను తోసిపుచ్చినట్లు రాయించండి.

ఇక బీ బ్లాకు అంతా ఒకే పార్టీవాళ్ళన్న లెక్క ఆయనకు ఎక్కడి నుంచి వచ్చింది? కారు మీద అంటించిన బొమ్మను బట్టి, వాట్సాప్‌లో పంచుకునే సందేశాలను బట్టి, ఇంటిపేరును బట్టి, ఊరిని బట్టి వచ్చి ఉంటుంది. నేను ఉపాధ్యాయుడిగా ఉన్న రోజుల్లో ఎన్నికల విధులకు వెళ్ళేవాణ్ణి. పోలింగు ముగిసి యంత్రాలకు సీళ్ళు వేస్తుండగా, ఇక్కడ మాకు ఇన్ని, వాళ్ళకు ఇన్ని అని బూత్‌లో కూర్చున్న పార్టీల ఏజెంట్లు చెప్పుకునే లెక్కలు విన్నవాణ్ణి. నెలల తరబడి ఇంటింటికీ తిరిగినవాళ్ళ లెక్కలే కౌంటింగు నాడు తలకిందులు కావడం మనం ప్రతి ఎన్నికల్లో చూస్తున్నదే. అలాంటప్పుడు ఏ బ్లాకు ఎవరిదో మీ సభ్యుడు తేల్చేయడం సాహసమే. ఒకే ఇంట్లో అత్త ఒకరికి, కోడలు ఒకరికి వేసి, ఇద్దరూ కలిసి ఆటోలో తిరిగి రావడం మన దగ్గర వింతేమీ కాదు. ఓటు రహస్యంగా ఉండాలన్న నియమం పెట్టిందే ఆ కోడలి కోసం. ఆమెను ఇంటిపెద్ద పార్టీ లెక్కలో జమకట్టి, అందుకని ఆమె ఓటు చేర్పించవద్దంటే, ఆ రక్షణను పోలింగు దాకా కూడా రానివ్వకుండా మనమే తీసేసినట్లవుతుంది.

సరే, ఆయన లెక్క నిజమనే అనుకుందాం. బీ బ్లాకులో ఉన్నదంతా మీకు నచ్చని పార్టీవాళ్ళే అనుకుందాం. అప్పుడు కూడా వాళ్ళ ఓట్లు చేర్పించాలనే నేను అంటాను. ఔదార్యంతో చెబుతున్న మాట కాదిది. అందులో మీ స్వార్థమే ఉంది. అది తెలియాలంటే పోలింగు బూత్‌లో ఏం జరుగుతుందో, ఆ తర్వాత ఆ కాగితాలు ఎవరి చేతికి వెళతాయో కాస్త దగ్గర నుంచి చూడాలి.

ఓటరు లోపలికి రాగానే మొదటి పోలింగు అధికారి జాబితాలో పేరు వెతికి, వరుస సంఖ్యనూ పేరునూ పైకి చదువుతాడు. గోడవార కూర్చున్న ఏజెంట్లు తమ ముందున్న జాబితాల్లో ఆ పేరు దగ్గర గీత పెట్టుకుంటారు. ఆ తర్వాత 17-ఏ రిజిస్టరులో సంతకమో వేలిముద్రో పడుతుంది, ఎడమచేతి చూపుడువేలికి సిరా గుర్తు పడుతుంది. మీట నొక్కాక కాగితపు చీటీ ఏడు సెకన్లు అద్దం వెనుక కనిపించి పెట్టెలోకి జారిపోతుంది. ఎవరికి వేశారన్నది అక్కడితో సమాధి. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదన్నది మాత్రం ప్రతి ఏజెంటు దగ్గరా గీతలతో సహా ఉంటుంది. మధ్యాహ్నం రెండు గంటలు దాటాక ఆ గీతలు లేని పేర్ల కోసమే బయట కుర్రాళ్ళు ఆటోలు వేసుకుని పరుగులు పెడతారు. బస్తీల్లోకి, సందుల్లోకి వెళతారు గానీ మీలాంటి సముదాయాల దగ్గరకు వచ్చేసరికి గేటు దగ్గర సెక్యూరిటీ ఆపుతాడు. రెండు ఎన్నికలు అలా ఆగిపోయాక, మూడోసారి గేటు దాకా రావడం కూడా మానేస్తారు.

కౌంటింగు పూర్తయిన తర్వాత ఫారం-20 అనే పట్టిక తయారవుతుంది. ఏ బూత్‌లో ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు పడ్డాయో, నోటాకు ఎన్ని పడ్డాయో అందులో వరుసగా ఉంటుంది. అది ఎవరైనా చూసుకోవచ్చు. గెలిచినవాళ్ళు, ఓడినవాళ్ళు, వచ్చేసారి టికెట్టు ఆశించేవాళ్ళు ఆ పట్టికను మనం పరీక్షా ఫలితాలు చూసుకున్నంత శ్రద్ధగా చూస్తారు. అక్కడ మీ బూత్‌కు ఎదురుగా వాళ్ళకు కనిపించేది మొత్తం పోలైన ఓట్లు, అందులో తమ వాటా. రాని ఓటర్లు ఎందుకు రాలేదో రాసే గడి ఆ పట్టికలో లేదు. మీ అబ్బాయి నిరసన, పక్క ఫ్లాటు ఆయన బద్ధకం, ఎదురు ఫ్లాటు వాళ్ళ తిరుపతి ప్రయాణం, అన్నీ అక్కడ ఒకే ఖాళీ. ఆ ఖాళీని చూసి రాజకీయ నాయకుడు గ్రహించేది ఒక్కటే, ఈ వీధి మంచినీళ్ళ గురించి కంగారుపడవలసిన అవసరం లేదని.

2024 మే 13న జరిగిన లోక్‌సభ ఎన్నికల్లో హైదరాబాదు నియోజకవర్గంలో 48.48 శాతం, సికింద్రాబాదులో 49.04 శాతం, మీ మల్కాజిగిరిలో 50.78 శాతం పోలింగు నమోదైంది. మీకు ఆనుకునే ఉన్న భువనగిరిలో అదే రోజు 76.78 శాతం. ఈ తేడా అంతా నగరవాసుల బద్ధకమేనని నేను అనను. ఇల్లు మారినా జాబితాలో మిగిలిపోయిన పేర్లు నగరంలో ఎక్కువ. పైగా అదే రోజు ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీకి, లోక్‌సభకు కలిపి పోలింగు జరిగింది. హైదరాబాదులో ఉంటూ అక్కడ ఓటున్నవాళ్ళు బస్సులు, రైళ్ళు కిక్కిరిసేలా తరలివెళ్ళి వేసి వచ్చారు. వాళ్ళను తప్పుబట్టలేం. అవన్నీ తీసేసినా ఇంట్లో కూర్చున్నవాళ్ళు తక్కువేమీ కాదు. 2020 నాటి హైదరాబాదు నగరపాలక ఎన్నికల్లో, అంటే మన చెత్తబండికీ, మురుగు కాల్వకూ, వీధిదీపానికీ నేరుగా సంబంధించిన ఎన్నికల్లో కూడా పోలింగు సగానికి చేరలేదు.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. ఒక బూత్‌లో వెయ్యిమంది ఓటర్లున్నారు. అందులో రెండు వందల ఓట్లు ఎండొచ్చినా వానొచ్చినా ఒకే అభ్యర్థికి పడతాయి. అవి అభిమానం మీదవి కావచ్చు, కులం మీదవి కావచ్చు, ముందురోజు రాత్రి పంచిన కవర్ల మీదవి కావచ్చు. పోలైనవి 480 అయితే, ముక్కోణపు పోటీలో ఆ రెండు వందలతో ఆ బూత్ ఆయనదే, మిగతా ఎవరినీ ఆయన పలకరించవలసిన పని లేదు. పోలైనవి 750 అయితే ఆ రెండు వందలు పావువంతు కన్నా కాస్త ఎక్కువ మాత్రమే. అప్పుడు ఆయన తనకు వేయరనుకున్న ఇళ్ళ తలుపులు కూడా తట్టాలి, రోడ్డు గురించీ బడి గురించీ ఏదో ఒకటి చెప్పాలి. ఆయన ఏ పార్టీ అయినా ఈ లెక్క ఇంతే. తక్కువ పోలింగు అన్ని పార్టీల్లోనూ గుప్పెట్లో ఉన్న ఓటుకు విలువ పెంచుతుంది, ఆలోచించి వేసే ఓటుకు విలువ తగ్గిస్తుంది. అందుకే బీ బ్లాకువాళ్ళు ఇంట్లో ఉండిపోతే మీకు కలిసొస్తుందనుకోవడం పొరపాటు. ఇద్దరికీ కలిసి ఉన్న ఒకే బూత్ బక్కచిక్కుతుంది. నీళ్ళ ట్యాంకరు రానప్పుడు అది మీ బ్లాకుకూ రాదు, వాళ్ళ బ్లాకుకూ రాదు.

ఇంకొక సంగతి ఉంది. మీరు కోరుకున్నట్లే ఆ పార్టీ ఓడిపోయిందనుకోండి. సగం మంది వేసిన ఎన్నికలో ఓడినవాళ్ళు అసలైన జనం మాట్లాడలేదని అయిదేళ్ళూ అంటూనే ఉంటారు, ఆ మాటను కాదనడానికి గెలిచినవాళ్ళ దగ్గర జవాబు ఉండదు. వాళ్ళవాళ్ళంతా వచ్చి వేసిన తర్వాత కూడా ఓడితే ఆ ఓటమికి ఒక తూకం ఉంటుంది. రేపు మీ పార్టీ ఓడినప్పుడు మీరు తలవంచి ఒప్పుకోవడానికైనా ఆ తూకమే కావాలి. ఎదుటివాళ్ళు తక్కువ వచ్చిన రోజు చూసి గెలవాలనుకోవడం నాకు ఎప్పుడూ నచ్చని సంగతి, అది ఏ పక్షం చేసినా.

వాచ్‌మన్ల గురించి మాట్లాడిన పెద్దమనిషికి కొంచెం చరిత్ర గుర్తుచేయాలి. బ్రిటిష్ పాలన నాటి 1935 భారత ప్రభుత్వ చట్టం కింద ఆస్తి, పన్ను, చదువు వంటి అర్హతలు ఉన్న కొద్దిమందికే ఓటు ఉండేది. మీ సెల్లార్‌లో కాపురమున్న వాచ్‌మన్ తాతకు అప్పుడు ఓటు ఉండే అవకాశం దాదాపు లేదు. బహుశా ఈ పెద్దమనిషి తాతగారికి కూడా లేదేమో, అడిగి చూడండి. రాజ్యాంగం 326వ అధికరణం ఆ గోడను పడగొట్టి, వయసు వచ్చిన ప్రతి పౌరుడికీ ఓటు ఇచ్చింది. మొదట 21 ఏళ్ళుగా ఉన్న ఆ వయసును 1989లో అమల్లోకి వచ్చిన 61వ సవరణ 18కి తగ్గించింది. 1951-52 మొదటి సార్వత్రిక ఎన్నికలకు దాదాపు 17 కోట్ల పైచిలుకు ఓటర్ల జాబితా తయారుచేస్తున్నప్పుడు లక్షలాది ఆడవాళ్ళు తమ పేరు చెప్పకుండా ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అని రాయించుకున్నారు. సొంత పేరు లేనిదే నమోదు కుదరదని అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ పట్టుబట్టడంతో సుమారు 28 లక్షల మంది పేర్లు జాబితాలోంచి పోయాయి. ఆ దెబ్బ చూశాకే తర్వాతి ఎన్నికలకు వాళ్ళ పేర్లు అడిగి రాసే పని పట్టుదలగా జరిగింది. జాబితాను పెంచుకుంటూ వచ్చిన చరిత్ర మనది. దాన్ని మీ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వెనక్కి తిప్పవద్దని ఆయనకు చెప్పండి.

డబ్బు సంగతి కూడా దాచకుండా మాట్లాడుకుందాం. ఓటుకు డబ్బు ఇవ్వడమే కాదు, తీసుకోవడం కూడా నేరమే. అయితే ఎన్నికలు దగ్గరపడగానే సీసీ కెమెరాలకో, జనరేటరుకో, బోరుకో అభ్యర్థి దగ్గర మాట తీసుకుని, మా సముదాయం ఓట్లన్నీ మీకేనని చెప్పివచ్చే సంఘాలను నేను విన్నాను, మీరూ వినే ఉంటారు. వాచ్‌మన్ తీసుకునే రెండు నోట్లకూ ఈ గంపగుత్త బేరానికీ నాకు కనిపించే తేడా మొత్తంలో మాత్రమే. మీ కమిటీ అలాంటి బేరానికి దూరంగా ఉంటే తప్ప ఎవరి ఓటు అమ్ముడుపోతుందో మాట్లాడే అర్హత దానికి రాదు.

ఇక మీ అబ్బాయి. ఓటు వేయకపోవడం తన హక్కని ఆయన అంటే, చట్టప్రకారం నిజమే. మన దేశంలో అది తప్పనిసరి కాదు. ఆస్ట్రేలియాలో 1924 నుంచి తప్పనిసరి. అక్కడ స్థిరపడి పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళు సరైన కారణం లేకుండా ఓటు మానేస్తే జరిమానా కడతారు. ఆ పద్ధతి ఇక్కడికి రావాలని నేను కోరను. కాబట్టి ఆయనతో హక్కు గురించి వాదన పెట్టుకోకండి. నిరసన గురించి మాట్లాడండి. కోపం నిజమైతే, అది ఎవరికో ఒకరికి తెలియాలి గదా?

ఒక్క ఓటుతో ఏమీ మారదన్నదానికి చాలామంది వెంటనే కొన్ని ఉదాహరణలు చెబుతారు. 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో సి.పి. జోషి ఒకే ఒక్క ఓటు తేడాతో ఓడారు. మన దగ్గర 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానంలో కొణతాల రామకృష్ణ మెజారిటీ 9 ఓట్లు. 2014లో మంగళగిరిలో ఆళ్ళ రామకృష్ణారెడ్డి 12 ఓట్లతో, 2019లో విజయవాడ సెంట్రల్‌లో మల్లాది విష్ణు 25 ఓట్లతో గెలిచారు. ఇవన్నీ నిజాలే. కానీ లెక్కలు తెలిసిన కుర్రవాడికి వీటిని చూపించి ఒప్పిద్దామనుకోకండి, ఇలాంటివి అరుదని ఆయనకు తెలుసు. లక్షల మంది ఓటర్లున్న మల్కాజిగిరిలో ఆయన ఓటే విజేతను తేల్చే రోజు దాదాపు రాదు. ఓటు పని విజేతను తేల్చడంతో అయిపోదని ఆయనకు చెప్పండి. లక్ష మెజారిటీతో గెలిచినవాడి నడకా, రెండు వేలతో బయటపడ్డవాడి నడకా ఒకలా ఉండవు. చెల్లిన ఓట్లలో ఆరో వంతు కూడా రాక డిపాజిట్టు పోగొట్టుకున్న పార్టీకీ, రెండో స్థానంలో నిలిచిన పార్టీకీ వచ్చే ఎన్నికల్లో ఉండే ఆశలు ఒకటి కావు. ఓడే అభ్యర్థికి పడిన ఓటు కూడా ఆ పట్టికలో అంకెగా మిగిలి, అయిదేళ్ళ తర్వాత ఎవరు పోటీ చేయాలో, ఏ మాట చెప్పాలో నిర్ణయిస్తుంది. వార్డులకూ గ్రామపంచాయతీలకూ వస్తే తేడాలు ఇంకా సన్నగా ఉంటాయి, అక్కడ ఒకటి రెండు ఓట్లతో గెలిచినవాళ్ళు ప్రతిసారీ కనిపిస్తారు.

ఎవరూ నచ్చకపోతే నోటా ఉంది. 2013 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో అది యంత్రం మీదికి వచ్చింది. దాని బలం ఎంతో కూడా ఆయనకు దాచకుండా చెప్పండి. నోటాకు అందరికన్నా ఎక్కువ ఓట్లు వచ్చినా, అభ్యర్థుల్లో ఎక్కువ వచ్చినవాడే గెలుస్తాడు. 2024లో ఇండోర్‌లో కాంగ్రెస్ అభ్యర్థి చివరి నిమిషంలో నామినేషను ఉపసంహరించుకుంటే, నోటాకు 2 లక్షల 18 వేలకు పైగా ఓట్లు పడి రెండో స్థానంలో నిలిచింది. గెలిచిన అభ్యర్థి మాత్రం పన్నెండు లక్షలకు పైగా ఓట్లతో లోక్‌సభకు వెళ్ళారు. కాబట్టి నోటా ఫలితాన్ని మార్చే సాధనం కాదు. అయినా ఇంట్లో కూర్చోవడం కన్నా అది వందరెట్లు నయం. ఫారం-20లో దానికి సొంత గడి ఉంది. ఆ గడిలో పడినది బద్ధకం కాదని చూసినవాళ్ళందరికీ తెలుస్తుంది. నా అభిప్రాయం అడిగితే, నోటాకు ముందు చిన్న పార్టీల, స్వతంత్రుల పేర్లన్నీ ఒకసారి చదవమంటాను, ఎందుకంటే ఎవరూ నచ్చలేదనేవాళ్ళలో ఎక్కువమంది మొదటి మూడు పేర్లు దాటి చూసినవాళ్ళు కారు.

నిరసన అంటే ఏమిటో మన తెలంగాణ రైతులే రెండుసార్లు చూపించారు. 1996లో నల్గొండ లోక్‌సభ స్థానానికి 480 మంది అభ్యర్థులు బరిలో నిలిచారు. ఫ్లోరైడు నీళ్ళు తాగి ఎముకలు వంకరపోతున్న ప్రాంతానికి కృష్ణా నీళ్ళు రావాలన్న డిమాండును దేశమంతా వినేలా చేయడానికి వాళ్ళు ఎంచుకున్న మార్గం నామినేషను పత్రమే, బహిష్కరణ కాదు. 2019లో నిజామాబాదులో పసుపు, ఎర్రజొన్న రైతులు గిట్టుబాటు ధర కోసం, పసుపు బోర్డు కోసం మూకుమ్మడిగా నామినేషన్లు వేశారు. బరిలో మిగిలిన 185 మందిలో అత్యధికులు వాళ్ళే. ఒక్కో బూత్‌లో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు, అంటే అభ్యర్థుల పేర్లూ మీటలూ ఉండే పెట్టెలు, వరుసగా పెట్టి ఎన్నిక జరపవలసి వచ్చింది. సిట్టింగ్ ఎంపీ డెబ్భై వేల పైచిలుకు ఓట్లతో ఓడారు. ఆ ఓటమికి రైతుల పోటీ ఒక్కటే కారణమని నేను అనలేను. ఆ తర్వాత పసుపు బోర్డు మాటను ఏ పార్టీ కూడా పక్కన పెట్టలేకపోయిందన్నది మాత్రం అందరూ చూశారు. 2023 అక్టోబరులో ప్రకటన వచ్చింది, 2025 జనవరిలో బోర్డు నిజామాబాదులోనే ప్రారంభమైంది. ఆ రైతులు పోలింగు నాడు పొలాల్లోనే ఉండిపోయి ఉంటే, వాళ్ళ కోపం శాతాల్లో ఒక చిన్న తగ్గుదలగా కనిపించి మాసిపోయేది.

మీరు పెట్టబోయే శిబిరం గురించి కొన్ని మాటలు. కొత్త పేర్లకు ఫారం-6, నగరంలోనే ఇల్లు మారినవాళ్ళకూ, వేరే ఊళ్ళో ఉన్న ఓటును ఇక్కడికి మార్చుకునేవాళ్ళకూ, వివరాలు సరిచేసుకునేవాళ్ళకూ ఫారం-8. ఊళ్ళో ఓటు ఉంచుకుని ఇక్కడ ఇంకొకటి రాయించుకోవడం చట్టవిరుద్ధం, ఏదో ఒకటి ఎంచుకొమ్మని స్పష్టంగా చెప్పండి. పద్దెనిమిది నిండే తేదీకి ఇప్పుడు జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1 అని నాలుగు గడువులు ఉన్నాయి కాబట్టి ఇంటర్ పూర్తిచేసిన పిల్లలను మరిచిపోవద్దు. విదేశాల్లో ఉన్నా భారత పౌరసత్వం వదులుకోని పిల్లలు ఫారం-6ఏ కింద నమోదు కావచ్చు, అయితే పోలింగు నాడు స్వయంగా వచ్చి వేయాల్సిందే. నామినేషన్ల గడువు ముగిసిన తర్వాత ఎవరి పేరూ చేర్చరు, కనుక షెడ్యూలు వచ్చేదాకా ఆగకండి. మీ బూత్ స్థాయి అధికారి, అంటే బీఎల్‌ఓ, సాధారణంగా దగ్గరలోని టీచరో అంగన్‌వాడీ కార్యకర్తో అయి ఉంటారు. ఆమెను ఒక ఆదివారం పిలిచి, ఎండలో నిలబెట్టకుండా క్లబ్‌హౌస్‌లో కూర్చోబెట్టి టీ ఇవ్వండి. సగం పని అక్కడే అయిపోతుంది. సెల్లార్‌లో ఉండేవాళ్ళకు కరెంటు బిల్లు వాళ్ళ పేరు మీద ఉండదు. చిరునామా పత్రం లేనంత మాత్రాన దరఖాస్తు ఆగదు, ఆమె వచ్చి చూసి నిర్ధారించవచ్చు.

85 ఏళ్ళు నిండిన పెద్దలూ, 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవాళ్ళూ అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో ఫారం-12డి ఇచ్చి ఇంటి నుంచే ఓటు వేయవచ్చు. నోటిఫికేషను వచ్చిన అయిదు రోజుల్లోగా అది ఇవ్వాలి, ఆ గడువును చాలామంది పిల్లలు పట్టించుకోక పోగొడతారు. పోలింగు నాడు జీతంతో కూడిన సెలవు చట్టం ఇచ్చిన హక్కు, రోజుకూలీలకు కూడా వర్తిస్తుంది. మీ సెక్యూరిటీ సిబ్బందికి ఆ రోజు షిఫ్టులు ఎలా సర్దాలో వారం ముందే కాగితం మీద రాసి పెట్టండి. పనిమనిషి ఉదయం రాకపోతే ఫోన్లు చేసి పిలవవద్దని ఫ్లాట్లవాళ్ళకు కూడా చెప్పండి. ఎవరైనా బూత్‌కు వెళ్ళేసరికి తమ పేరు మీద అప్పటికే ఓటు పడిపోయిందని తెలిస్తే తిరిగి రాకుండా, ప్రిసైడింగ్ అధికారిని టెండర్ ఓటు అడగాలి. ఆ హక్కు నియమాల్లో ఉంది, చాలామందికి తెలియదు.

నోటీసులో ఏ పార్టీ పేరూ, రంగూ, గుర్తును తలపించే బొమ్మా లేకుండా చూసుకోండి. బల్లల దగ్గర కూర్చునేవాళ్ళను మూడు బ్లాకుల నుంచీ తీసుకోండి. అడ్డుపడిన సభ్యుణ్ణి బీ బ్లాకు బల్ల దగ్గరే కూర్చోబెట్టండి, ఆ బ్లాకు నుంచి ఒకరిని ఆయన పక్కన వేయండి. ఆయన రాజకీయం ఆయనకు ఉండనివ్వండి. సాయంత్రం సంఘం పని అయిపోయాక తన పార్టీకి ఓటేయమని ఇంటింటికీ వెళ్ళి అడుక్కోవచ్చు, ఆ స్వేచ్ఛ ఆయనకు ఉంది. మీకూ ఉంది. ఆ పార్టీ గెలవకూడదన్న కోరికను చంపుకోనక్కరలేదు. దాన్ని సంఘం బల్ల మీదికి తేకుండా ఉంటే చాలు.

మీ అబ్బాయికి ఉపన్యాసం అక్కరలేదు. తెలంగాణ ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైటులో మీ నియోజకవర్గం ఫారం-20 దొరుకుతుంది, మీ బూత్ సంఖ్య ఓటర్ల జాబితా మొదటి పేజీలో ఉంటుంది. ఆ రెండూ ఆయన చేతికిచ్చి, మీ బూత్‌లో మొత్తం ఓటర్లెందరో, పోలైనవెన్నో, పక్క బస్తీ బూత్‌లో ఎన్నో, గత అయిదేళ్ళలో కార్పొరేటరు ఏ బస్తీకి ఎన్నిసార్లు వచ్చారో పక్కపక్కన రాయమనండి. లెక్కల మనిషి గదా, ఒక సాయంత్రం పని.